తూకం మేస్త్రీ కట్టిన రెండు గోడలు

మా బావతో కలిసి ఎవరింటికైనా వెళ్ళాలంటే నాకు ముళ్ళ మీద కూర్చున్నట్టుంటుంది. ఇంట్లోవాళ్ళు ఆయన్ని పలకరిస్తుంటే ఆయన గోడల్ని పలకరిస్తాడు. ఒక కన్ను మూసి, తల పక్కకు వాల్చి, గది మూలలోకి చూస్తాడు. ఇంటావిడ మంచినీళ్ళ గ్లాసు పట్టుకుని నిలబడే ఉంటుంది. "ఈ మూల ఎవరు కట్టారండీ? వాడికి కళ్ళున్నాయా?" అంటాడు. ఒకసారి మనిషి పోయిన ఇంటికి పలకరింపుకు వెళ్ళి కూడా గుమ్మం వంకరగా ఉందని మొదలుపెట్టాడు. మా అక్క కాలు తొక్కింది. "నా కాలెందుకే తొక్కుతావు?" అని పైకే అడిగాడు. ఏడుస్తున్నవాళ్ళు కూడా ఏడుపాపి చూశారు.

ఆయన తాపీ మేస్త్రీ. దారానికి కట్టిన ఇనుప గుండు ఎప్పుడూ జేబులోనే ఉంటుంది. దాన్ని వేలాడదీసి గోడ నిలువుగా ఉందో లేదో చూడడాన్ని వాళ్ళ పనిలో తూకం చూడడం అంటారు. అందుకే ఊళ్ళో అందరికీ ఆయన తూకం మేస్త్రీ. మా ఇంటికి పెళ్ళి మాటలకు వచ్చిన రోజున మా అక్కను సరిగ్గా చూడనేలేదు. మా పెరటి గోడ మధ్యలో ఉబ్బి పొట్ట వచ్చిందని, చొక్కా విప్పి, పెద్దవాళ్ళ మాటలు పూర్తయ్యేలోగా దాన్ని సగం పడగొట్టేశాడు. మర్నాడు వచ్చి కట్టిచ్చాడు. మా నాన్న ఆ గోడను చూసి పిల్లనిచ్చాడని అక్క ఇప్పటికీ దెప్పుతుంది.

మనిషి మంచివాడే. నా బాధ కూడా అదే. చెడ్డవాడైతే నాలుగు తిట్టి దులిపేసుకునేదాన్ని.

నాది నది ఒడ్డున మొక్కల నర్సరీ. మా ఆయన పోయాక నన్ను నిలబెట్టింది అదే. దానికి ప్రాణమంతా ఒక ఊటబావి. బావి అంటే పెద్దదేం కాదు, ఒడ్డున లోతుగా తవ్విన గుంట. నది అడుగునుంచి నీళ్ళు మట్టిలోంచి ఊరి అందులో చేరతాయి. నా చిన్నప్పుడు నది ఏడాది పొడుగునా పారేది. ఇప్పుడు వానలు ఆగిన కొద్ది రోజులకే పైన నీళ్ళు మాయమవుతాయి, కింద ఊట ఒక్కటే మిగులుతుంది. ఆ ఊట కూడా ఏటేటా తగ్గిపోతుంటే, కుండీలకు నీళ్ళు చెంబులు లెక్కపెట్టి పోసేదాన్ని.

నీటిపారుదల ఆఫీసువాళ్ళు నదిని బాగుచేస్తామన్నారు. బాగుచేయడమంటే ఏమిటో కాగితం మీద గీసి చూపించారు. రెండు ఒడ్డులకూ రాతి గోడలు, అడుగున కాంక్రీటు. అప్పుడది నది అవదు, మురిక్కాలువకు పెద్దన్నయ్య అవుతుంది. అడుగు మూసేస్తే ఊట ఎక్కడిది? ఊట లేకపోతే నా బావి ఎక్కడిది? ఆ బొమ్మలో నా నర్సరీ ఉన్నచోట ఒక పచ్చగీత గీశారు. అదేమిటని అడిగితే అలంకారానికి గడ్డి అన్నారు. నా ఒళ్ళు మండిపోయింది.

అప్పుడే మేం నది సంఘం పెట్టుకున్నాం. పెద్ద దిక్కు మా టీచరమ్మ. రిటైరయ్యాక కూడా ఆవిడ మమ్మల్ని పిల్లల్లాగే చూస్తుంది. చేతికర్ర పట్టుకుని మమ్మల్నందర్నీ కొండ మీదికి నడిపించింది.

"నది కింద ఎండిపోలేదర్రా, ఇక్కడ ఎండిపోయింది" అంది కొండ పక్కన దిగుతున్న వాగును చూపించి. "చెట్లు కొట్టేశాక వాన నీళ్ళు ఒక్క ఉరుకున కిందికి పోతున్నాయి. వాటిని నడిపించాలి. వాగుకు అడ్డంగా రాళ్ళు పేరుద్దాం. సిమెంటు వద్దు. రాయికీ రాయికీ మధ్య ఖాళీ ఉండాలి. నీళ్ళు వాటిలోంచి మెల్లగా కారాలి, మిగతావి భూమిలోకి దిగాలి. అవి నెమ్మదిగా కిందికొచ్చి నదిలో ఊరతాయి."

ఆఫీసుకు వెళ్ళి కాళ్ళావేళ్ళా పడ్డాం. ఇంజనీరు చివరకు విసిగిపోయి, "సరే, ఆ ఒక్క వాగు మీకిస్తున్నా. వానాకాలం వెళ్ళాక కాలినడక వంతెన కింద నీళ్ళు పారుతుంటే చూద్దాం. ఎండిపోతే మా పని మేం మొదలుపెడతాం, అప్పుడు నా దగ్గరికి రావద్దు" అన్నాడు.

నా బతుకంతా ఆ వాగు మీద పెట్టుకున్నాను. రాళ్ళ పని తెలిసినవాడు కావాలి. ఇంట్లోనే మేస్త్రీ ఉండగా బయటివాళ్ళెందుకు? నేనే వెళ్ళి బావను బతిమాలాను.

"ఖాళీలుంచి కట్టడమా?" అన్నాడు. "దాన్ని కట్టడమంటారా మరదలా, పారబోయడం అంటారు."

"నా కోసం పారబోయి బావా. నీ సొమ్మేం పోయింది?"

"పేరు పోతుంది. ఆ వాగులో ఎవడో రాళ్ళు కుప్పపోశాడంటే పరవాలేదు. తూకం మేస్త్రీ పోశాడంటే?"

అక్క లోపల్నుంచి అరిచింది, "అది నోరు తెరిచి అడిగిందెప్పుడండీ? వెళ్ళండి!" వెళ్ళాడు.

సెలవు రోజుల్లో అందరం కొండెక్కేవాళ్ళం. మా సంఘంలోని బస్సు డ్రైవరు రాళ్ళు దొర్లించేవాడు, మేం అందుకుని పేర్చేవాళ్ళం. బావ మా వెనకే వచ్చి మేం పేర్చినవి తీసేసేవాడు. ఈ రాయి కూర్చోలేదంటాడు, ఆ రాయి ముఖం అటు తిప్పాలంటాడు. ఉలితో అంచులు చెక్కి, రాయి పక్కన రాయి గాలి దూరకుండా దించేవాడు. టీచరమ్మ కర్రతో కొట్టినంత పని చేసింది. "ఖాళీ, మేస్త్రీ! ఖాళీ ఏది?" అని ఆవిడ అడిగితే, "ఉందిగా అమ్మా, కనబడకుండా పెట్టాను" అన్నాడు. డ్రైవరు పగలబడి నవ్వాడు. నేనూ నవ్వాను, ఏం చేస్తాను.

వానలు దగ్గరపడ్డాయి. ఒక సెలవు రోజు ఉదయం కొండెక్కి చూస్తే, వాగుకు అడ్డంగా గోడ. కుప్ప కాదు, కట్ట కాదు, గోడ. దారం పట్టి గీసినట్టుంది. రాళ్ళ సందులన్నీ సిమెంటు మాలుతో నిండి ఉన్నాయి, పైన నున్నగా పూత కూడా పెట్టాడు. మేం లేని రోజుల్లో ఒక్కడే బస్తాలు మోసుకొచ్చి కట్టేశాడు. పక్కన నిలబడి చేతులు తుడుచుకుంటున్నాడు. ఆ ముఖంలో అంత సంతోషం నేనెప్పుడూ చూడలేదు, అక్క పెళ్ళప్పుడు కూడా.

టీచరమ్మ రాయి మీద కూలబడింది. "పగలగొట్టండి" అంది.

ఎవరూ కదలలేదు. చెబితే సిగ్గుచేటు గానీ, మా వాళ్ళందరి నోళ్ళూ తెరుచుకుని ఉన్నాయి. డ్రైవరు గోడ మీద చెయ్యి వేసి నిమిరాడు. "అబ్బ, గోడంటే ఇదీ!" అన్నాడు. మిగతావాళ్ళు ఫొటోలు తీసుకోవడం మొదలుపెట్టారు. ఇంత మంచి పని పగలగొట్టడానికి చేతులెలా వస్తాయి టీచరమ్మా అని ఆవిడకే ఎదురు చెప్పారు. నీళ్ళు ఆగాలనే కదా మన ఏడుపు, ఈ గోడ దగ్గర చుక్క కూడా దాటదు అన్నారు. ఇద్దరమే అరిచాం, టీచరమ్మా నేనూ. మా అరుపులు ఎవరికి పట్టాయి? మంచి పనిని చూస్తే నీళ్ళ సంగతి కూడా మరిచిపోయే మనుషులు మావాళ్ళు.

మొదటి పెద్ద వానకే తేలిపోయింది. గోడ నిజంగానే చుక్క దాటనివ్వలేదు. వెనకాల నీళ్ళు చెరువులా నిండాయి. గోడ కదలలేదు, దారి ఇవ్వలేదు. నీళ్ళు మాత్రం ఊరుకుంటాయా? పక్కకు తిరిగి మెత్తటి మట్టిగట్టును కోసుకున్నాయి. గట్టు గట్టంతా కరిగి, ఎర్రటి బురదై, వాగు నదిలో కలిసే చోట ఉన్న నా నర్సరీ మీదికి దూకింది. కుండీలు కొట్టుకుపోయాయి. నా ఊటబావి అంచుదాకా బురదతో నిండిపోయింది. మోకాళ్ళలోతు మట్టిలో నిలబడి, బావి ఎక్కడుండాలో చేత్తో తడుముకుంటున్నాను.

అప్పుడొచ్చాడు మా బావ కొండ మీద్నుంచి, తడిసి ముద్దయి. నా ముఖం చూడలేదు, బావి చూడలేదు.

"గోడకి గీత కూడా పడలేదు మరదలా!" అన్నాడు.

నా నోటికొచ్చిన మాటలు ఇక్కడ రాయలేను. నువ్వు మనిషివి కాదు, గుండువి, దారానికి వేలాడే ఇనుప గుండువి అన్నాను. నా ఇంటి గడప తొక్కితే కాళ్ళు విరగ్గొడతానన్నాను. అక్క వచ్చి నన్ను లోపలికి లాక్కెళ్ళింది.

వాన తెరిపిచ్చాక సంఘమంతా గడ్డపారలు, సమ్మెటలు పట్టుకుని కొండెక్కాం. ఇప్పుడందరికీ తెలివొచ్చింది మరి. కొట్టీ కొట్టీ చేతులు బొబ్బలెక్కాయి. ఆ గోడలోంచి చిన్న పెచ్చు కూడా ఊడలేదు. సమ్మెట పిడి విరిగింది. బావ దూరంగా రాయి మీద కూర్చుని చూస్తున్నాడు. "అది ఊడదు. మాలు బాగా కుదిరింది" అన్నాడు, ఎవరూ అడక్కుండానే. అందులో బాధ ఎంతుందో గర్వమూ అంతే ఉంది. సమ్మెట ఆయన మీదికే విసరాలనిపించింది.

ఆ రోజుల్లో ఆయన పొద్దున్నే నర్సరీకి వచ్చి, బావిలోకి దిగి బురద తోడేవాడు. కాళ్ళు విరగ్గొడతానన్నదాన్ని చూస్తూ ఊరుకున్నాను. మాట్లాడలేదు మాత్రం. మొత్తం తోడాక అడుగున కూర్చుని, గోడలకు చెయ్యి ఆనించి, ఊట ఏ పక్కనుంచి వస్తుందో చూసేవాడు. సన్నగా, చెమట పట్టినట్టు, నది వైపునుంచి వచ్చేది. ఆయన దాన్ని అలా చాలాసేపు చూసేవాడు. చూసి ఏం లాభం అనుకునేదాన్ని.

ఒకరోజు అక్క నాకు తల దువ్వుతూ చెప్పింది. "ఇన్నేళ్ళలో ఆయన కట్టినవన్నీ వేరేవాళ్ళ ఇళ్ళే. ఒకడు సిమెంటు తగ్గించమంటాడు, ఒకడు తొందరపెడతాడు, ఒకడు నాసిరకం ఇటుక తెస్తాడు. పైన పూత పూసేస్తే లోపల ఏముందో ఎవరికి కావాలి? ఎవడూ నెత్తిమీద నిలబడకుండా, తనకు నచ్చినట్టు కట్టిన గోడ అదొక్కటేనట. ఆ సిమెంటు కూడా తన సొంత డబ్బుతోనే తెచ్చుకున్నాడు."

"అయితే? ఆ గోడకి దండేసి దణ్ణం పెట్టనా?" అన్నాను. అక్క దువ్వెన నెత్తిన గుచ్చింది. కోపం తగ్గలేదు గానీ, దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియకుండా పోయింది.

వానాకాలం వెళ్ళాక ఇంజనీరు వచ్చాడు. వంతెన కింద మేట వేసిన బురద ఎండి పగుళ్ళిచ్చింది. చెప్పడానికి ఏమీ లేదు. అయినా టీచరమ్మ ఆయన్ని కొండెక్కించింది, తప్పెక్కడ జరిగిందో చూపించి ఇంకో ఏడాది అడుగుదామని. ఆ పెద్దావిడ ఆయాసపడుతూ చెబుతుంటే, ఇంజనీరు కళ్ళు గోడ మీదే ఉన్నాయి.

"ఇది ఎవరు కట్టారు?" అన్నాడు.

అందరం బావ వైపు చూశాం.

"గట్టు మొత్తం కొట్టుకుపోయింది, గోడ చెక్కుచెదరలేదు! ఇదండీ నాకు కావాల్సింది. నదంతా ఇలా కట్టామంటే మళ్ళీ చూసుకోనక్కర్లేదు." బావ భుజం తట్టాడు. "మేస్త్రీ, మా పనికి పెద్ద మేస్త్రీగా వస్తావా?"

మేం చేసిన ప్రయత్నమే నదికి ఉరితాడైంది. టీచరమ్మ చేతికర్ర మీద గడ్డం ఆనించి కళ్ళు మూసుకుంది. నేను బావను చూస్తున్నాను. ఒక్కసారి, జీవితంలో ఒక్కసారి నా వైపు నిలబడు అని మనసులోనే మొత్తుకున్నాను.

"వస్తాను సార్" అన్నాడు.

అంతే. ఆ తర్వాత నేను అక్క ఇంటికి వెళ్ళడం మానేశాను. మా సంఘం కూడా అక్కడితో చెదిరిపోయింది. రోజూ పొద్దున్నే నది అడుగున యంత్రాల మోత. వంతెన దగ్గర్నుంచి ఒక్కో మూరా కాంక్రీటు నా నర్సరీ వైపు పాకుతూ వచ్చింది. బావ తలకు గుడ్డ చుట్టుకుని, గుండు వేలాడదీస్తూ, కూలీల మీద కేకలేస్తూ ముందు నడిచేవాడు. గోడ ముచ్చటగా ఉందని వంతెన మీద జనం ఆగి మరీ చూసేవాళ్ళు. నేను మొక్కలు అయినకాడికి అమ్మేయడం మొదలుపెట్టాను.

పని నా నర్సరీ ముందుకొచ్చింది. నేను అటు చూడకూడదనుకున్నాను, కానీ ఎంతసేపని? చూస్తే బావ ఒక్కడే ఉన్నాడు. కూలీలను ఇంకోవైపు పంపేశాడు. గోడ అడుగు వరస పేరుస్తున్నాడు. ఏదో తేడాగా అనిపించింది. గుండు జేబులోనే ఉంది. రాళ్ళను ఎలా దొరికితే అలా పెట్టేస్తున్నాడు. రాయి పెట్టేముందు ముఖం పక్కకు తిప్పుకుంటున్నాడు, చూడలేనట్టు. మాలు పైపైన పూసి వదిలేస్తున్నాడు. కాంక్రీటు అంచు గోడకు కలిసేచోట కూడా అంతే. ఆయన పడగొట్టిన మా నాన్న పాత పెరటి గోడ కూడా అంతకంటే నయం.

"ఊరందరికీ అంత గొప్పగా కట్టి, నా ముందుకొచ్చేసరికి ఇలాగా? నా మీద కసి ఇలా తీర్చుకుంటున్నావా బావా?" అని ఒడ్డు మీద్నుంచి అరిచాను. తలెత్తి చూసి, ఇంకో రాయి అలాగే వంకరగా దించాడు.

వానలొచ్చాయి. నదిలోకి నీళ్ళొచ్చాయి. కాంక్రీటు మీద జర్రున జారి, ఆగకుండా ఊరు దాటి పోయాయి. నేను అలవాటుకొద్దీ బావిలోకి తొంగి చూశాను, ఎండిన గుంటను ఆఖరిసారి చూసుకుందామని. అడుగున నీళ్ళు. కాసేపయ్యాక మళ్ళీ చూశాను. ఇంకొంచెం పెరిగాయి. బావికి నది వైపున్న మట్టిగోడలోంచి, సందుసందునా, సన్నగా కారుతున్నాయి.

ఆ వంకర రాళ్ళు, పైపైన పూసిన మాలు ఎందుకో అప్పుడర్థమైంది నాకు. మట్టిలోనే కూలబడి ఏడ్చాను. ఆనందమో, కోపమో, నాకే తెలియలేదు. ఈ బుద్ధి ఆ కొండ మీద ఉండి ఉంటే నది మొత్తం బతికేది కదా అని కూడా ఏడ్చాను.

పరుగెత్తుకుంటూ ఒడ్డున ఉన్న ఆయన దగ్గరికి వెళ్ళాను. అప్పటికే ఇంజనీరు వచ్చి ఉన్నాడు. నా నర్సరీ ముందు గోడ సందుల్లోంచి మాలు రాలిపోయి, నీళ్ళు లోపలికి పోతున్నాయి. చుట్టూ కూలీలు, వంతెన మీద జనం.

"ఇదేనా నీ పనితనం? కొత్తగా తాపీ పట్టినవాడు కూడా ఇంతకంటే బాగా కడతాడు. తాగి కట్టావా?" అని ఇంజనీరు అరుస్తున్నాడు. "రేపట్నుంచి పనిలోకి రావద్దు!"

బావ తల దించుకుని నిలబడ్డాడు. "పొరపాటైంది సార్" అన్నాడు.

నేను నోరు తెరిచాను. అక్క ఎప్పుడొచ్చిందో, నా చెయ్యి రక్తం వచ్చేలా గిల్లింది. "నోరు మూసుకో" అంది చెవిలో. "నిజం తెలిస్తే పొద్దున్నే వచ్చి మూసేస్తారు." నోరు మూసుకున్నాను. అంతమందిలో మా బావను తిడుతుంటే విని ఊరుకోవడం ఎంత కష్టమో ఆ రోజు తెలిసింది. మళ్ళీ విప్పి కట్టే ఓపిక ఆఫీసుకు లేదు గనుక ఆ ముక్క అలాగే ఉండిపోయింది.

నది బాగుపడలేదు. వానలప్పుడు కాలువ, మిగతా రోజుల్లో ఎండిన కాంక్రీటు. ఆ సందుల్లోంచి వానల్లో ఇంకిన నీళ్ళతో నా నర్సరీ ఒక్కటే పచ్చగా ఉంది. తూకం మేస్త్రీకి పని మరుపొచ్చిందని, కళ్ళు ఆనడం లేదని ఊళ్ళో చెప్పుకుంటున్నారు. ఇళ్ళ పనులకు ఎవరూ పిలవడం లేదు. ఆయన నా దగ్గరే కుండీలకు మట్టి కలుపుతున్నాడు. టీచరమ్మ అప్పుడప్పుడు వచ్చి బావిలోకి చూసి, ఆయన వీపు మీద చెయ్యి వేసి వెళ్ళిపోతుంది.

మొన్న ఒకావిడ గులాబీ మొక్కలకని వచ్చింది. కొత్తిల్లు కడుతున్నారట. ఒడ్డు దాకా వెళ్ళి తొంగి చూసి, "అయ్యో, ఇక్కడ గోడ చూశారా ఎంత అధ్వాన్నంగా కట్టాడో! వీడెవడో గానీ చేతులు విరిచెయ్యాలి" అంది.

నేను పళ్ళు బిగపట్టాను.

"అవునమ్మా, వాడికి పని రాదు" అన్నాడు బావ, బావిలోంచి బకెట్టు పైకి లాగుతూ.

"మంచి మేస్త్రీ కావాలి మాకు. మీకెవరైనా తెలుసా?"

బావ బకెట్టు కింద పెట్టాడు. తర్వాత, ఏ మేస్త్రీ పనినీ ఇన్నేళ్ళుగా ఒక్కసారి కూడా బాగుందనని మనిషి, వంతెన అవతల ఉండే ఇంకో మేస్త్రీ ఇంటికి ఆవిడకు దారి చెప్పాడు.